నూటెనిమిది దీపాల చీకటి

హనుమయ్య చెప్పేవాటిని అబద్ధాలనడం అన్యాయం. అబద్ధానికి ఒక పొదుపుంటుంది, అవసరం మేరకు ఆడి ఊరుకుంటారు. హనుమయ్యకు ఆ పొదుపు తెలియదు. ఢిల్లీ ద్వారకలో తామున్న సొసైటీ పార్కులో, సాయంత్రం సిమెంటు బెంచీ మీద చేరి నోరు విప్పాడంటే, రేపల్లె దగ్గర తన పల్లెలో కరెంటు రాకముందు చీకటి ఎంత చిక్కగా ఉండేదో చెప్పేవాడు.

"కొడవళ్లతో కోసేవాళ్లమయ్యా చీకటిని! కోసి, మోపులు కట్టి, పగలు నిద్రపట్టని ముసలాళ్ల ఇళ్లకు పంపేవాళ్లం. ఇక చుక్కలంటావా, ఇంత కిందికి వేలాడేవి. మా నాయనమ్మ మంచమెక్కి చీపురుతో దులిపేది. రాలినవి కోళ్లు ఏరుకు తినేవి. ఆ వారమంతా మా ఇంట్లో గుడ్లు వాటంతట అవే వెలిగేవి."

పంజాబీలు నవ్వేవాళ్లు, బీహారీలు నవ్వేవాళ్లు, మనవాళ్లయితే తొడలు చరుచుకుని నవ్వేవాళ్లు. నవ్వని మనిషి ఒక్కతే, సీతారత్నం. ఆయన భార్య. కోపంతో కాదు. యాభై ఏళ్లుగా వింటున్న మనిషి, ఏ కథలో ఏ కోడి ఎప్పుడు గుడ్డు పెడుతుందో ఆమెకు ముందే తెలుసు.

ఆ చలికాలంలో సీతారత్నం కళ్లకు నీటికాసులన్నారు. ఇంగ్లీషులో గ్లాకోమా. చూపు చుట్టూతా మూసుకుంటూ వచ్చి, నడుమ చిన్న కిటికీ మిగిలిందని డాక్టరమ్మ చెప్పింది. మందు వేస్తుంటే ఆ కిటికీ కొన్నాళ్లు తెరిచి ఉంటుంది. ఎన్నాళ్లని అడిగాడు కొడుకు మనోహర్. "ఇంకో ఏడాది అనుకోండి. పోయింది మాత్రం తిరిగి రాదు" అంది.

ఇంటికొస్తుంటే మెట్రోలో సీతారత్నం భర్త చెవి దగ్గరకు వంగింది.

"ఏమండీ, అరుంధతి ఇప్పటికీ అక్కడే ఉంటుందా?"

హనుమయ్య ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

వాళ్ల పెళ్లి పట్టపగలు పదకొండు గంటలకు జరిగింది. జ్యేష్ఠమాసం ఎండ, నెత్తిన పెనం పెట్టినట్టుంది. పురోహితుడు ఇద్దరినీ పందిరి బయటికి తెచ్చి ఈశాన్యం వైపు వేలు చూపించి, "అదిగో అరుంధతి. కనిపించిందా?" అన్నాడు. పట్టపగలు చుక్క ఏ పెళ్లికొడుక్కి కనిపించింది గనక! అయినా కనిపించిందని చెప్పడం ఆచారం. హనుమయ్య దానితో ఆగితే హనుమయ్య ఎందుకవుతాడు? "ఓ, భేషుగ్గా! పక్కన వశిష్ఠులవారు తుమ్ముతున్నారు కూడా" అన్నాడు. పెళ్లి పందిరంతా గొల్లుమంది. పెళ్లికూతురు మాత్రం తలెత్తి, ఎండకు కళ్లు నీళ్లుకారుతున్నా నిజంగానే వెతికింది. చాలాసేపు వెతికింది. చివరికి మెల్లగా, "చూశాను" అంది.

ఆ రాత్రి హనుమయ్య అడిగాడు. "ఏమేవ్, నిజంగా కనబడిందా?"

"లేదు. మీకో?"

"నాకెక్కడ! రేపు రాత్రి నేనే చూపిస్తాలే. ఎక్కడికి పోతుంది?"

ఆ రేపు అలా జరుగుతూ జరుగుతూ ఢిల్లీ దాకా వచ్చింది. ఏదో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో టపా గుమాస్తా ఉద్యోగం, ఆర్కే పురంలో క్వార్టరు. అప్పట్లో వేసవి రాత్రుళ్లు కరెంటు పోతే కాలనీ కాలనీయంతా డాబాల మీదికి మంచాలెక్కించేది. ఆకాశం ముగ్గుపిండి డబ్బా ఒలికినట్టుండేది. సీతారత్నం పక్క పరిచి, "ఏమండీ, ఇవాళైనా చూపించకూడదూ" అనేది. అప్పటికే హనుమయ్య చుట్టూ పదిమంది చేరి ఉండేవాళ్లు. కథ మంచి పట్టులో ఉండేది. "ఉండవే, ఎక్కడికి పోతుంది?" అనేవాడు.

ఆమె పడుకుని తనంతట తానే పైకి చూసేది. ఇన్నింటిలో ఏది అరుంధతో చూపించేవాడు లేక, కాసేపటికి నిద్రపోయేది.

అది ఎక్కడికీ పోలేదు. పాపం, చుక్క చుక్క చోటనే ఉంది. నడుమ మనుషులే అడ్డం పెరిగారు. కార్ల పొగ, కట్టడాల దుమ్ము, ఇరవై నాలుగు గంటలూ రెప్పవేయని దీపాలు. ద్వారకకు మారిన పదేళ్లలో హనుమయ్య తల ఎత్తి చూసినప్పుడల్లా, పైన అడుగంటిన పాలగిన్నె బోర్లించినట్టే ఉండేది.

మెట్రో దిగి ఇల్లు చేరేదాకా ఆయన నాలుగుసార్లు ఆగి పైకి చూశాడు.

ఫిబ్రవరి పోయాక ఒకనాడు, ఏడో తరగతి చదివే మనవరాలు అక్షర ఒక కాగితం పట్టుకుని ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"తాతయ్యా, హెల్ప్ కరో నా. ఎర్త్ అవర్ ప్రాజెక్ట్. నలభై ఇళ్లవాళ్ల సంతకాలు తేవాలి. ఎవ్వరూ వినట్లేదు."

"ఏమిటే అది?"

"ఈ నెలలో ఒక శనివారం రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా అక్కర్లేని లైట్లన్నీ ఆపాలి. ప్రపంచమంతా ఆపుతారు. భూమి వేడెక్కిపోతోంది తాతయ్యా. సీరియస్లీ."

"గంటసేపు లైటాపితే చల్లబడుతుందా?"

"నహీ యార్! గంటసేపు ఆపితే మనకు గుర్తుంటుంది. గుర్తుంటే మిగతా రోజులు జాగ్రత్తగా ఉంటాం. ఇంకా మా మ్యామ్ ఏం చెప్పిందంటే, అందరూ ఆపితే స్టార్స్ కూడా బాగా కనిపిస్తాయంట."

హనుమయ్య లేచి కూర్చున్నాడు.

"ఏదీ, మళ్లీ చెప్పు."

"స్టార్స్ కనిపిస్తాయి. ఆకాశం క్లియర్‌గా ఉంటే."

హనుమయ్య మనవరాలి చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. చెప్పులేసుకున్నాడు.

మొదట తాతా మనవరాలూ సొసైటీ కార్యదర్శి సదాశివరావు ఇంటికి వెళ్లారు. ఆయన కాకినాడవాడు, పెద్ద హోదాలో రిటైరైనా ఫైలు లేకుండా మాట్లాడలేడు.

"హనుమయ్యగారూ, ఇది కొంపదీసి మీ కోళ్ల కథ కాదు కదా?"

"కాదండీ బాబూ. పిల్ల బడి కాగితం. ముద్ర కూడా ఉంది చూడండి."

ముద్ర చూడగానే సదాశివరావు మెత్తబడ్డాడు. గేటు దగ్గరవీ మెట్ల మీదవీ తప్ప కాంపౌండు దీపాలన్నీ ఆపిస్తానన్నాడు. "కానీ ఇళ్లలో లైట్లు నా చేతిలో లేవు. ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపు నేహాది. ఆమె ఊ అంటే ఊ, లేకపోతే లేదు."

నేహా మూడో అంతస్తులో ఉంటుంది. మీరట్ అమ్మాయి. మాటలు హిందీలో నడిచాయి గానీ, మనకు తెలుగులోనే చెప్పుకుందాం.

"అంకుల్‌జీ, మీరు పెద్దవాళ్లు. దీపాలు వెలిగించాల్సిన వేళ ఇల్లు చీకటి చేయమంటారా? లక్ష్మి గడప దాకా వచ్చి తిరిగిపోదూ? గ్రూపులో పెడితే నన్ను తిడతారు."

అక్షర కార్బన్ గురించి ఏదో చెప్పబోయింది. హనుమయ్య ఆపాడు. నిజం చెప్పి ఉంటే సరిపోయేదేమో. 'అమ్మా, మా ఆవిడ చూపు పోతోంది. ఒక చుక్క చూపించాలి, గంటసేపు చీకటి కావాలి' అంటే, కాదనేంత రాతిగుండె కాదు నేహాది. కానీ ఆ మాట నోట రాలేదు. యాభై ఏళ్లుగా ఆ నోటికి నిజం అలవాటు లేదు. నాలుక దురద పెట్టింది.

"అయ్యో బేటీ, నీకు తెలియదా? దీన్ని మా సౌత్‌లో అరుంధతీ వ్రతం అంటారు. ఏడాదికొక్క రాత్రి. కరెంటు దీపాలన్నీ ఆపి ఆ తల్లికి దణ్ణం పెట్టుకోవాలి."

"పాతకాలం వ్రతంలో కరెంటెక్కడిది అంకుల్‌జీ?"

"అదే కదా దాని మహిమ! కరెంటొచ్చేదాకా ఎవరూ చెయ్యలేకపోయారు."

నేహా ముఖంలో నమ్మకం ఒక మెట్టెక్కి ఆగింది. "మరి పూర్తిగా చీకటేనా? శుభం కాదు కదా."

అక్కడ ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

"ఛ ఛ! డాబా మీద నూనె దీపం పెట్టుకోవచ్చు. ఒకటి పెడితే ఒక ఫలం. నూటెనిమిది పెడితే..."

"పెడితే?"

"మొగుడు నూరేళ్లు చెప్పిన మాట వింటాడు."

నేహా సంతకం పెట్టింది.

లిఫ్టులో అక్షర తాత వంక గుడ్లురిమింది. "తాతయ్యా, దట్ వాజ్ అ లై."

"అబద్ధం కాదే, బెల్లం. చేదు మందు మింగడానికి కాస్త బెల్లం రాశాను."

"దీపాలు పెడితే మళ్లీ లైటే కదా?"

"ఎవరే, మోకాళ్ల నొప్పులేసుకుని ఆ డాబా ఎక్కేది? ఒకరో ఇద్దరో పెడతారు. కొరివి దెయ్యాలంత వెలుగు."

సాయంత్రానికి నలభై సంతకాలూ వచ్చాయి. రెండు రోజులకు రెండొందలు దాటాయి. పక్క సొసైటీలవాళ్లు ఫోన్లు చేసి వ్రతవిధానం అడిగారు. హనుమయ్య బెంచీ మీద కూర్చుని మీసం దువ్వుకున్నాడు.

నలభై సంతకాలు వచ్చిన రాత్రే భార్యతో చెప్పాడు. "సీతా, నీకొక మాటిచ్చాను, జ్ఞాపకముందా?"

"ఏ మాట? మీరిచ్చిన మాటలకు గోనెసంచులు చాలవు."

"అరుంధతి మాట. వచ్చే శనివారం చూపిస్తాను. ద్వారక ద్వారకే ఆర్పేస్తున్నా నీకోసం."

సీతారత్నం చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చేతులు ఆగాయి. "పొద్దుపోయాక చలిగా ఉంటుందేమో, శాలువా తీసి పెట్టాలి" అంది.

హనుమయ్య ఈసారి పని పనిలా చేశాడు. పంచాంగం చూశాడు. ఆ రోజు చంద్రుడు అర్ధరాత్రికి గానీ రాడు. ఆ వేళకు సప్తర్షులు ఈశాన్యాన ఎక్కుతూ ఉంటారని అక్షర ఫోన్లో చూసి చెప్పింది. గురువారం గాలిదుమారం రేగి, శుక్రవారం కాస్త వాన చినుకులు పడి, దుమ్మంతా అణిగింది. ఆ రాత్రి ఒక్కడే డాబా ఎక్కి చూశాడు. ఇన్ని లైట్ల మధ్య కూడా ఈశాన్యంలో రెండు చుక్కలు, జబ్బు మనిషి గుడ్లలా, వెలిగీ వెలగకుండా కనిపించాయి. లైట్లున్నప్పుడే రెండు కనిపిస్తే, ఆర్పాక ఏడూ కనిపించవూ! పరుగున కిందికొచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు.

శనివారం సీతారత్నం పెందలాడే వంట ముగించింది. మనవరాలి చేత కళ్లద్దాలు రెండుసార్లు తుడిపించింది. ఎనిమిదిన్నర కావస్తుండగా లిఫ్టులో ఎనిమిదో అంతస్తుకు చేరారు. అక్కడి నుంచి డాబాకు మెట్లే. ఆమె ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో భర్త మోచెయ్యి పట్టుకుంది.

"ఎన్ని మెట్లండీ?"

"మూడొందలు. చివర్న స్వర్గం. ఇంద్రుడు లుంగీ కట్టుకుని టీ కాస్తుంటాడు."

ఆమె నవ్వలేదు. పెదవుల మీదే లెక్కపెట్టుకుంటోంది. ఈ మధ్య ఇంట్లో కూడా మంచం నుంచి స్నానాలగదికి ఎన్ని అడుగులో లెక్కపెట్టుకుంటోంది. ఎందుకో హనుమయ్యకు తెలుసు. తెలిసీ ఎన్నడూ అడగలేదు.

సగం మెట్ల మీద ఉండగా, కిటికీలోంచి కనిపిస్తున్న ఎదుటి టవరు పైనుంచి కిందికి, ఒక్కో ఇల్లే రెప్ప వాల్చినట్టు చీకటైంది. దాని వెనక ఇంకొకటి. హనుమయ్య గుండె పెళ్లికొడుకు గుండెలా కొట్టుకుంది. "ఆపేశారే! నిజంగానే ఆపేశారు!" అంటూ డాబా తలుపు తోశాడు.

వెలుగు ముఖాన కొట్టింది.

పిట్టగోడ పొడుగునా దీపాలు. నేల మీద ముగ్గేసి, ముగ్గు నిండా దీపాలు. పట్టుచీరలు, పళ్లేలు, అగరొత్తులు. పిల్లల చేతుల్లో ఫోన్ల టార్చీలు. ఆవనూనె పొగ పందిరేసినట్టు కమ్ముకుంది. ఎదుటి డాబా మీదా అంతే, ఆ వెనక డాబా మీదా అంతే. కింద చీకటి చేసి, ఊరంతా మంటను నెత్తికెత్తుకున్నట్టుంది.

"అంకుల్‌జీ! చూశారా, సరిగ్గా నూటెనిమిది!" నేహా మెరిసిపోతోంది. "బి టవరు వాళ్లు మనకు డబుల్ పెట్టారట, దొంగలు!"

హనుమయ్య తలెత్తాడు. పొగ. పొగ మీద దీపాల ఎరుపు. నిన్నటి ఆ జబ్బు చుక్కలు కూడా లేవు.

"బేటీ, ఒక్క పావుగంట... ఈ దీపాలు ఆర్పేయండి."

నేహా నోరు తెరిచింది. "వ్రతం దీపం ఆర్పడమా? మీరేనా ఈ మాటంటున్నది? మీ సౌత్‌లో దీపాన్ని నోటితో ఊదేస్తారా?"

ఊదరు. ఆ సంగతి హనుమయ్య కంటే ఎవరికి తెలుసు? వాళ్ల ఇంట్లో దీపం ఆరిందన్న మాట కూడా అనరు, కొండెక్కింది అంటారు. నూనె ఉన్నంతసేపు దాన్ని వెలగనివ్వాల్సిందే.

"వ్రతం లేదమ్మా" అన్నాడు. "అరుంధతీ వ్రతం అన్నది ఎక్కడా లేదు. నేనే కల్పించాను. మా ఆవిడకు చుక్క చూపించడానికి."

డాబా డాబా అంతా పగలబడి నవ్వింది.

"మొదలెట్టారు అంకుల్‌జీ!" అంది నేహా కళ్లు తుడుచుకుంటూ. "మీరు ముఖం అంత సీరియస్‌గా పెట్టి ఎలా చెబుతారో!"

సదాశివరావు భుజం తట్టాడు. "అబ్బ, ఇది కోళ్ల కథను మించిందండీ హనుమయ్యగారూ."

హనుమయ్య ఇంకోసారి చెప్పాడు. మరింత నవ్వారు. జీవితంలో ఒక్కసారి నిలబడి నిజం చెబితే, అంతమందిలో ఒక్కరూ నమ్మలేదు. నమ్మనందుకు వాళ్లను అనడానికీ లేదు.

ఈశాన్యం మూల నీళ్లట్యాంకు వెనక కాస్త మరుగు ఉంది. భార్యను అక్కడికి తీసుకెళ్లి, అక్కడున్న వెదురు మోడా పీట మీద కూర్చోబెట్టాడు. శాలువా తీసి ఆమె నుదుటికి గొడుగులా పట్టుకుని నిలబడ్డాడు. చేతులు గుంజుతున్నా దించలేదు. దీపాలకేసి చూస్తూ, ఎప్పుడు కొండెక్కుతాయా అని ఒక్కో ప్రమిదలో నూనె కొలుచుకున్నాడు. సీతారత్నం మాత్రం నిదానంగా కూర్చుంది, రైలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీద కూర్చున్నట్టు.

తొమ్మిదింబావుకు జనం పలచబడ్డారు. దీపాలు ఒకటొకటే కొండెక్కసాగాయి. ముగ్గులోవి పోయాయి. పిట్టగోడ మీద సగం పోయాయి. పొగ ఇంకా పోలేదు. ఈశాన్యంలో ఏదో మినుకుమంది. హనుమయ్యకు ప్రాణం లేచొచ్చింది. అది పెద్దదైంది, కదిలింది, ఎర్రగా కన్నుకొడుతూ కిందికి దిగిపోయింది. విమానం.

"ఎటు చూడాలండీ?" అంది సీతారత్నం.

ఆయన చెయ్యెత్తి, చుక్క ఉండాల్సిన చోటు చూపించాడు. చేతి చివర ఏమీ లేదు. ఆమె ఆ చేతి వెంబడే, తనకు మిగిలిన ఆ చిన్న కిటికీని తిప్పుకుంటూ వెళ్లింది. వెతికింది. కళ్లు నీళ్లుకారుతున్నా వెతికింది. చాలాసేపు వెతికి, మెల్లగా అంది.

"చూశాను."

అదే గొంతు. యాభై ఏళ్ల కిందట ఎండలో విన్న గొంతు.

హనుమయ్య శాలువా దించాడు. "నాకేమీ కనబడలేదే సీతా. ఒక్క చుక్క లేదు. నువ్వు నిజంగా..."

"పెళ్లినాటి రాత్రి అడిగారు, లేదని చెప్పాను." ఆమె చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. "ఇవాళ అడక్కండి."

ఆయన ఆమె పక్కనే, నేల మీద, కూలబడ్డాడు. ఆర్కే పురం డాబా మీద, చేయి చాస్తే అందేంత దగ్గర్లో ఆకాశం ఉన్న రాత్రుళ్లలో తాను ఏయే కథలు చెప్పాడో గుర్తు చేసుకోబోయాడు. ఒక్కటీ గుర్తు రాలేదు.

తొమ్మిదిన్నరకు టవర్లన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. కింద పిల్లలు ఈలలేశారు. సీతారత్నం అరచేతులు కళ్లకు అడ్డం పెట్టుకుంది. అక్షర మెట్లన్నీ ఒక్క దూకులో ఎక్కి వచ్చింది.

"తాతయ్యా, సక్సెస్! మొత్తం సెక్టార్ ఆపేసింది, పతా హై? నానమ్మా, స్టార్ కనిపించిందా?"

"కనిపించింది తల్లీ."

అక్షర తాత వైపు తిరిగింది. నానమ్మ ఒకటంటే తాత దానికి పది తగిలించాలి కదా. వశిష్ఠుడు తుమ్మాలి, కోళ్లు రావాలి. నవ్వడానికి సిద్ధంగా నోరు సగం తెరిచి నిలబడింది.

హనుమయ్య లేచి భార్యకు చెయ్యందించాడు. "పద సీతా. మెట్లు జాగ్రత్త."

ఒకటి, రెండు, మూడు అంటూ ఆమెకు వినబడేలా పైకి లెక్కపెట్టుకుంటూ దిగాడు. పద్దెనిమిది మెట్లు. ఒక్కటి కూడా ఎక్కువ కలపలేదు.